పటం కట్టిన ఎరువు

మా ఇంటి నడవలో వేంకటేశ్వరస్వామి పటం పక్కన మూడేళ్లపాటు ఇంకో పటం వేలాడింది. అందులో దేవుడు లేడు, ఎరువు పరీక్ష రిపోర్టు ఉండేది. అగరొత్తుల పొగ రెండింటికీ సమానంగానే తగిలేది.

నేను పదిహేనేళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి, గార్లదిన్నె వైపున్న మా చేనికి తిరిగొచ్చినవాణ్ణి. అనంతపురం ఎర్రనేల సంగతి తెలిసిందే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. నేల లోతు తక్కువ, సేంద్రియ కర్బనం మరీ తక్కువ. వేరుశనగ చెట్టును వేర్లతో సహా పీకి, కాయలు మనం తీసుకుని, కట్టె పశువులకు వేస్తాం. నేలకు మిగిలేదేముంది? చీనీ తోటల వాళ్లు ఎరువు కోసం ఊరూరా తిరుగుతుంటే నాకు వ్యాపారం తోచింది. వానపాములు తెచ్చి తొట్లు కట్టించాను.

ఎరువు అమ్మకాలకు వర్తించే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 నాటిది. సేంద్రియ ఎరువులు 2006లో అందులోకి వచ్చాయి. అందులోని పట్టిక ప్రకారం వర్మీ కంపోస్టులో తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. సేంద్రియ కర్బనం 18 శాతానికి, నత్రజని ఒక శాతానికి తగ్గకూడదు. నూటికి తొంభై పాళ్లు 4 మిల్లీమీటర్ల జల్లెడ దిగాలి. సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ పట్టిక చూడగానే నాలోని మాస్టారు లేచి కూర్చున్నాడు. పరీక్షంటే పాసు కావడమే కదా!

వేపచెట్టు నీడన ఉన్న తొట్టి అన్నింటికన్నా బాగుండేది. దాంట్లోంచి రెండు దోసిళ్లు తీశాను. మా ఆవిడ పిండి జల్లెడ అడక్కుండా పట్టుకెళ్లి జల్లించాను. పాత పేపరు మీద పరిచి రెండు రోజులు నీడన ఆరబెట్టి, డబ్బాలో పోసి ల్యాబుకు పంపాను. నమూనా తీసే పద్ధతి నాకు తెలియక కాదు. వేర్వేరు సంచుల్లో, పైనా మధ్యా అడుగునా తీసి, కలిపి, కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ మిగిలినదాన్ని పంపాలి. అదంతా పక్కన పెట్టి, తరగతిలో ఫస్టొచ్చే పిల్లాణ్ణే ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టే హెడ్మాస్టరు పని చేశాను.

రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. పటం కట్టించాను. సంచుల మీద ‘ల్యాబు పరీక్షలో నెగ్గినది’ అని అచ్చు వేయిస్తుంటే ప్రెస్సతను, ‘ప్రభుత్వ ధ్రువీకృతం అని వేద్దామా సార్, అక్షరాలు నిండుగా ఉంటాయి’ అన్నాడు. వేయమన్నాను. ఆ మాట అనే హక్కు నాకు ఎవరూ ఇవ్వలేదు. అక్షరాలు నిండుగా ఉన్న మాట మాత్రం నిజం.

మా నాయనకు ఈ తతంగమంతా నవ్వులాట. ‘ఎరువుకు కాగితమేందిరా? వాసన చూడు, పిడికిట్లో నొక్కు, తెలీదా?’ అనేవాడు. ఆయన నొక్కి చూసినప్పుడల్లా ‘తడెక్కువుందిరా’ అనేవాడు. నేను పటం వైపు వేలు చూపించేవాణ్ణి.

మూడో ఏడు వానలు మొండికేశాయి. మేత లేక ఊళ్లో పశువుల్ని అమ్ముకున్నారు, పేడ కరువైంది. నేను కోళ్లఫారం ఎరువు కొని తొట్లలో కలిపాను. బోరులో నీళ్లు ఇంకా లోతుకు దిగాయి, ఉప్పదనం పెరిగింది. ఆ నీళ్లే రోజూ తొట్ల మీద చల్లేవాళ్లం. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. రోజురోజుకీ అది పేరుకుంటూనే ఉంది. పైగా వానపాములు అడుగు మూలలకు చేరుతుంటే ‘ఎండకు భయపడ్డాయి’ అని సర్దిచెప్పుకున్నాను.

ఒక నర్సరీ పెద్దాయన చీనీ అంట్ల సంచుల్లో నా ఎరువు కలిపాడు. మూడో వారానికి ఆకుల కొసలు మాడాయి. ఆయన ఫోను చేస్తే నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. గోడ మీది పటం ఊడదీసి, తువ్వాలు చుట్టి, స్కూటరు ముందు పెట్టుకుని వాదనకు వెళ్లాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివాడు. పైనున్న అంకెలు వదిలేసి అడుగున చిన్న అక్షరాల దగ్గర ఆగాడు. ‘మాకు అందిన నమూనాకు మాత్రమే ఈ ఫలితం వర్తిస్తుంది’ అని అక్కడ ఉంది. మూడేళ్లు అగరొత్తులు వెలిగించిన నేను ఆ వాక్యం చదవలేదు. ‘ఏమప్పా, ఇది మూడేండ్ల కిందటి ఎరువు సంగతి. నేనేసింది మొన్నటిది గదా’ అన్నాడు. టీ తాగి పొమ్మన్నాడు. ఆ టీ గొంతు దిగలేదు.

ఈసారి ఆయన గోడౌన్లోని సంచుల్లోంచే పద్ధతిగా నమూనా తీయించాను. తేమ 45 శాతం తేలింది. యాభై కిలోల సంచిలో ఉండదగ్గ నీళ్లు ఎక్కువలో ఎక్కువ పన్నెండున్నర కిలోలు. నేను ఇరవై రెండున్నర పోశాను. గుక్కెడు నీళ్లకు అల్లాడే జిల్లాలో సంచికి పది కిలోల నీళ్లు ఎరువు ధరకు అమ్మాను. ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత మీటరుకు 7 డెసిసీమెన్‌లు దాటింది. పోల్చి చూసుకోవడానికి, అదే ఉత్తర్వులో నగర కంపోస్టుకు పెట్టిన హద్దు 4. చీనీ జాతి మొక్కలు ఉప్పుకు తొందరగా దెబ్బతింటాయి. గ్లాసు నీళ్లలో ఉప్పేసి, బల్బు వెలిగించి, పదిహేనేళ్లు పిల్లలచేత చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి నేనే!

మా నాయన చెయ్యి తడిని పట్టింది గానీ ఉప్పును పట్టలేదు. అది ఆయన కూడా ఒప్పుకున్నాడు. ఒక్కరి చూపు చాలదని అప్పుడు తెలిసింది. చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థలోని సేంద్రియ రైతులు ఒకరి చేను ఒకరు చూసి హామీ ఇచ్చుకుంటారని అంతకుముందు విన్నప్పుడు, ‘వాళ్లకు ల్యాబు దొరకలేదేమో’ అనుకున్న ఘనుణ్ణి. అది పంట పండించే తీరుకిచ్చే హామీ, ఎరువు పరీక్ష వేరు. అయినా వాళ్లకు చూసేవాళ్లు పదిమంది ఉన్నారు. నా తొట్లు చూసింది నేనొక్కణ్ణే, అదీ పటంలోంచి.

మాడిన అంట్లకు డబ్బు కట్టాను. ఇప్పుడు ప్రతి లాటు నుంచీ నమూనా పోతుంది, సంచి మీద లాటు నంబరు, తేదీ ఉంటాయి. రిపోర్టు రాకముందే దోసకాయ గింజలు ఒక ట్రేలో ఎరువు కలిపిన మట్టిలో, ఇంకో ట్రేలో ఉత్త మట్టిలో వేసి, మొలకలు పోల్చి చూస్తాను. పిండి జల్లెడ మాత్రం మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసింది.

పాత సంచులు కొన్ని ఇంకా ఊళ్లలో ఉన్నాయి, వడ్లకూ కందులకూ వాడుతున్నారు. వాటి మీద ‘ప్రభుత్వ ధ్రువీకృతం’ అని కనబడితే నమ్మకండి. అది నేను రాయించుకున్నదే.