శునకశిశు విక్రయ మహావాక్యం: సటీకా తాత్పర్యం

మూలం: "ప్యూర్ బ్రీడ్ సార్. హెవీ బోన్. డీవార్మింగ్ అయిపోయింది. టెన్షన్ పెట్టుకోకండి."

అవతారిక: ఆదివారం సంతలో అట్టపెట్టె పక్కన గొంతుక్కూర్చున్న విక్రేత, లోపల ఒకదానిమీదొకటి పడి నిద్రపోతున్న లాబ్రడార్ పిల్లలను చూపి, కొనవచ్చిన గృహస్థుతో పలికినది. వక్త ధీరోదాత్తుడు. శ్రోత అప్పటికే ఫోన్ తీసి స్కానర్ ఎక్కడని వెతుకుతున్నవాడు. రసము వీరము.

టీక: 'ప్యూర్ బ్రీడ్', స్పష్టము. 'సార్', స్పష్టము. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మన కోలాచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. విక్రేతకు అందులో మొదటిది పట్టలేదు గనుక, వ్యాఖ్యాతకు రెండోది పట్టనక్కర్లేదు.

'హెవీ బోన్': ఇచ్చట విక్రేత పిల్లను వెల్లకిలా తిప్పి, బిర్రుగా ఉన్న పొట్టను చూపును. పొట్టను చూసి ఎముక బరువు తేల్చడం కొత్త అనుమాన ప్రమాణము. పొగను చూసి నిప్పును ఊహించిన నైయాయికుడెవరైనా ఈ పిల్లను ఎత్తుకుంటే, వేళ్లకు పక్కటెముకలు తగులుతూ పొట్ట మాత్రం ఉబ్బి ఉండటం చూసి, ఏలికపాములనే ఊహించేవాడు. రోగలక్షణాన్నే అలంకారంగా చూపించి ధర పెంచడం ఆలంకారికులెవరికీ తట్టలేదు.

విశేషము: కుక్కపిల్ల మన వాఙ్మయంలోకి అట్టపెట్టెలో రాలేదు. భారతం మొదట్లోనే, జనమేజయుడు కురుక్షేత్రంలో యాగం చేస్తుండగా, దేవశుని సరమ కొడుకు అటుగా వెళ్లాడు. రాజు తమ్ముళ్లు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు వాణ్ణి కొట్టారు. ఏడుస్తూ వచ్చిన కొడుకును సరమ వెనకేసుకు రాలేదు; నువ్వేం తప్పు చేశావని ముందు వాణ్ణే నిలదీసింది. హవిస్సు వైపు చూడనైనా లేదని వాడు చెప్పాకనే యాగశాలకు వెళ్లి, ఊహించని భయం మీకు కలుగుగాక అని శపించింది. నన్నయ తెనిగించేటప్పుడు ఈ కథను వదల్లేదు. ఆ శాపానికి బెదిరి చక్రవర్తి ఊళ్లూ ఆశ్రమాలూ తిరిగి, శ్రుతశ్రవసుడి కొడుకు సోమశ్రవసుణ్ణి పురోహితుడిగా తెచ్చుకున్నాడు. ఆ సోమశ్రవసుడి తల్లి సర్పం. సర్పయాగం చేయబోయే రాజుకు సర్పం కొడుకు పురోహితుడు! ఇక్కడ వ్యాసుడు ఎంత నిబ్బరంగా... సరే, మనం సంతలో ఉన్నాం.

కానీ సరమ ఊరికే రాలేదు. పిల్లకు కీడు జరిగితే విచారణ తల్లి దగ్గర మొదలవుతుంది. ఈ పెట్టెలో తల్లి ఏది?

'డీవార్మింగ్ అయిపోయింది': తల్లి కండరాల్లో ముడుచుకుని నిద్రపోయే ఏలికపాము పిల్లపురుగులు చూలు చివరి వారాల్లో మేలుకుని, మాయ దాటి కడుపులోని కూనల్లోకి పోవును. కొంకిపురుగులు పాలతో దిగును. నెత్తురు తాగి చిగుళ్లు పాలిపోయేట్టు చేసేవి ఇవే. పుట్టిన కూనలో ఏలికపాము పిల్ల కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు, దగ్గుతో గొంతుకు, మింగితే పేగుకు చేరును. పైరాంటెల్ లాంటి మందు పేగులో ఉన్నవాటిని చచ్చుబడేసి బయటికి తోస్తుంది. ఊపిరితిత్తుల్లో ఉన్నవాటికి ఆ కబురే అందదు. అవి తర్వాత తీరిగ్గా దిగుతాయి. అందుకే 2, 4, 6, 8 వారాలకు, ఆపైన ఆరు నెలలు నిండేదాకా నెలనెలా మందు, ప్రతిసారీ తూకం వేసి. పాలిచ్చే తల్లికి కూడా.

శంక: విక్రేత ఒక మోతాదైనా వేసి ఉండవచ్చును గదా? సమాధానము: ఏ మందు, ఏ తేదీన, ఎంత బరువుకు అని అడిగితే ఆయన ఆకాశం వైపు చూచును. పైగా ఈ పిల్లలకు నెల నిండితే గొప్ప. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు ఉన్నాయి. సంతలో ఆ మాటెత్తితే పక్క పెట్టెవాడు కూడా నవ్వుతాడు.

'టెన్షన్ పెట్టుకోకండి': చరకుడు పెట్టుకున్నాడు. తన సంహితలోని విమానస్థానంలో ఇరవై రకాల క్రిములను లెక్కపెట్టి, వాటిని లాగి పారేయమన్నాడు, అవి పెరిగే వీలు చెడగొట్టమన్నాడు, వాటికి కారణమైనది మానమన్నాడు. మూడోది ఎవరికీ గుర్తుండదు. పిల్ల పెరట్లో దొడ్డికి కూర్చుంటే ఎవరూ తీయరు. అందులోని ఏలికపాము గుడ్లు కొన్ని వారాల్లో ముదిరి, ఏళ్లపాటు మట్టిలో బతుకుతాయి. ఆ మట్టిలో ఆడిన మూడేళ్ల పాప వేళ్లు నోట్లో పెట్టుకుంటే, పురుగు పిల్లలు దారితప్పి ఆమె కాలేయంలో, ఒక్కోసారి కంట్లో తిరుగుతాయి. 1952లోనే బీవర్ బృందం ఈ జబ్బును వివరించి పేరు పెట్టింది. కంటికి వస్తే చూపు పోవచ్చు. అమ్మేవాడికి కాకపోయినా, కొనేవాడికి టెన్షన్ ఉండొద్దూ?

ఇంటికొచ్చాక గృహస్థు కూడా తక్కువ తినడు. వెల్లుల్లి నూరి పెడతాడు. అది కుక్క ఎర్రరక్తకణాలను చిట్లగొడుతుంది. లేదా ఇంట్లో పిల్లల కోసం తెచ్చిన ఆల్బెండజోల్ మాత్రను విరిచి వేస్తాడు. కుక్కల్లో అది ఎముక మూలుగను దెబ్బతీయగలదు. 'హెవీ బోన్'కు అసలు వ్యాఖ్య అక్కడ దొరుకును.

తాత్పర్యము: మందు పేరు, తేదీ, ఆ రోజు బరువు రాసిన చీటీ ఇవ్వాలి. తల్లిని చూపాలి. చూపనివాడి దగ్గర కొనవద్దు.

పాఠాంతరము: డబ్బు పడ్డట్టు ఫోన్ మోగిన తర్వాతి ప్రతులలో 'అయిపోయింది' అనుచోట 'ఓసారి డాక్టర్ దగ్గర వేయించుకోండి సార్, మంచిది' అని కలదు.