గేటు పాసూ, టికెట్టూ

విశాఖపట్నంలో ఒక వస్తువు చరిత్ర అనిపించుకోవాలంటే రెండు అర్హతలు కావాలి. పని మానేసి ఉండాలి. బీచ్ రోడ్డులో ఉండాలి. వయసుతో నిమిత్తం లేదు. రెండు వేల ఏళ్లు నిండినా కొండెక్కి కూర్చుంటే పలకరించే నాథుడు ఉండడు. ముప్ఫై ఏళ్లు కొలువు చేసి మొన్ననే దిగిపోయినా, ఎదురుగా కారు ఆపుకునే చోటుంటే చాలు, పెద్దలొచ్చి రిబ్బను కత్తిరిస్తారు.

మింది దగ్గరి జింకు కర్మాగారం మొదటి అర్హత ఎప్పుడో సంపాదించింది. మూతపడి పదేళ్లు దాటింది. రెండోదాంట్లో తప్పింది, పాపం. అక్కడ నిలబడితే అలలు కనిపించవు.

ఈ సూత్రం నా సొంతం కాదు. సెలవులకి చుట్టాలొచ్చే ఏ విశాఖవాసిని అడిగినా అప్పజెబుతాడు. మా బావమరిది కుటుంబం హైదరాబాదు నుంచి దిగుతుంది. చార్మినారు, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం అన్నీ ఊళ్లోనే పెట్టుకున్నవాళ్లు కనక చరిత్రంటే వాళ్లకి బెరుకు లేదు. "బావా, ఎప్పుడూ బీచేనా? ఈసారి హిస్టారికల్‌గా ఏమైనా చూపించు" అంటాడు. నాకు నవ్వొస్తుంది. మా గాజువాకలో సింధియా వైపు వెళ్లే బస్సెక్కితే కిటికీలోంచి కనిపించేదంతా హిస్టారికలే కదా! 1957లో మొదలైన రిఫైనరీ. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన షిప్‌యార్డు. 1948లో నెహ్రూ వచ్చి 'జల ఉష'ని నీళ్లలోకి వదిలింది అక్కడే. అది దాటితే 1933లో తెరిచిన ఓడరేవు. దాని ముఖద్వారానికి అలల పోటు తగలకుండా రెండు పాత ఓడల్ని పనిగట్టుకుని ముంచి అడ్డుగోడగా నిలబెట్టారు. ఓడలు మునగడంతో మొదలైన రేవు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో గానీ, మా వాళ్లు దాన్ని ఇంజినీరింగ్ అన్నారు.

చిక్కల్లా ఒక్కటే. ఇవన్నీ ఇంకా పనిచేస్తున్నాయి. పనిచేసేవి గేటు పాసు అడుగుతాయి. పనిచేయనివి టికెట్టు అడుగుతాయి. పాసు కావాలంటే లోపల మనకి తెలిసినవాడు ఉండాలి. టికెట్టుకి ఆ బాధ లేదు. కాబట్టి చుట్టాలతో పాటు మేమూ బీచ్ రోడ్డుకే వెళ్తాం.

అక్కడ మహారాజు ఐఎన్ఎస్ కురుసుర. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లలో 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. 2001లో పదవీ విరమణ. 2002లో ఇసుక మీదికి లాగి, కడుపులోకి మెట్లు కట్టి, టికెట్ల కౌంటరు పెట్టారు. ఆలోచించండి, సబ్‌మెరైన్ అనేదాని ఉద్యోగమేమిటి? ఎవరి కంటా పడకపోవడం. అలాంటిదాన్ని ఇప్పుడు రాత్రిపూట రంగు దీపాలు వేసి మరీ చూపిస్తున్నాం. ఉద్యోగంలో ఉండగా దాని ఫొటో తీసినవాణ్ని జైల్లో వేసేవారు. ఇప్పుడు దాని పక్కన ఫొటో దిగనివాణ్ని చుట్టాల్లో వింతగా చూస్తారు.

లోపలికి వెళ్తే గైడుగా మాజీ నావికుడు ఉంటాడు. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. మధ్యలో 91 మీటర్ల పొడవున నడవా. ఒక గది నుంచి ఇంకో గదిలోకి గుండ్రటి రంధ్రంలోంచి దూరాలి. డెబ్బై అయిదు మంది మనుషులు ఈ గొట్టంలో వారాల తరబడి బతికారని ఆయన చెబుతుంటాడు. మా బావమరిది కళ్లు పెద్దవి చేసి "అమ్మో" అంటాడు. వాళ్లబ్బాయి "మామయ్యా, ఏసీ ఎక్కడుంది?" అంటాడు. వెనకవాళ్లు తోస్తుంటారు. నావికుల వేషంలో నిలబెట్టిన బొమ్మలు మాత్రం కదలకుండా ఉంటాయి. ఆ ఓడ మొత్తంలో క్రమశిక్షణ మిగిలింది వాటిలోనే. గైడు గారి చేతిలో మూడు దశాబ్దాల అనుభవం ఉంటుంది, మన చేతిలో పావుగంట ఉంటుంది. ఆయన సోనార్ గురించి చెప్పబోయేసరికి మనం బయట మొక్కజొన్న పొత్తుల దగ్గర ఉంటాం.

ఇందులో ఒక తమాషా ఉంది. 1971 డిసెంబరు మొదటివారంలో ఇదే విశాఖ తీరంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిపోయింది. అది ఇప్పటికీ సముద్రం అడుగునే ఉంది. ఓడినది నీళ్లలో ఉంది, గెలిచిన పక్షానిది ఇసుకలో ఉంది. సబ్‌మెరైన్‌గా పుట్టినదానికి ఏ గతి మేలో ఆ రెండింటినీ అడిగితే గానీ తెలియదు. ఆ విజయానికి గుర్తుగా దగ్గర్లోనే స్మారక స్తూపం ఉంది. అక్కడ ఐస్‌క్రీము బాగుంటుంది.

రోడ్డుకి అటుపక్క టీయూ-142 విమానం. 1988లో వచ్చి, 29 ఏళ్ల పాటు 30,000 గంటలు ఒక్క ప్రమాదం కూడా లేకుండా ఎగిరి, 2017లో రిటైరైంది. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి వచ్చి మ్యూజియం ప్రారంభించారు. మనలో రిటైరైనవాడికి పింఛను కాగితాలు కదలడానికే అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. తర్వాత సీ హారియర్ యుద్ధవిమానం వచ్చింది. ఆ తర్వాత హెలికాప్టరు వచ్చింది. ఈ లెక్కన బీచ్ రోడ్డు నౌకాదళం వారి వృద్ధాశ్రమం అవుతుందేమోనని నా భయం. కాకపోతే ఇక్కడ వృద్ధులకి రోజూ పెయింటు వేస్తారు, అంతే తేడా.

ఈ వరసలో విమానవాహక నౌక విరాట్ కూడా చేరవలసింది. తెచ్చుకుంటామని మన రాష్ట్రం ఉత్సాహపడింది. ఖర్చు లెక్కవేసుకున్నాక ఆ ఉత్సాహం చల్లారింది. విరాట్ గుజరాత్‌లోని అలాంగ్‌కి వెళ్లి తుక్కైపోయింది. పిలిచింది రాలేదని బాధపడుతుంటే 2020 అక్టోబరులో పిలవనిది వచ్చింది. వాయుగుండానికి లంగరు తెగిన బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. జనం ఎగబడ్డారు. అర్హతలు రెండూ ఉన్నాయి మరి: పని మానేసింది, సరిగ్గా బీచ్ రోడ్డులో మానేసింది. దాన్ని రెస్టారెంటు చేస్తామని ప్రకటన వచ్చింది. ఓడకి తుప్పు పట్టింది, ప్రకటనకీ పట్టింది.

విశాఖ మ్యూజియం దగ్గరికొస్తే మాత్రం నాకు కొంచెం గౌరవం కలుగుతుంది. పాత డచ్చి బంగళాలో 1991 నుంచి ఉంది. రాజులూ జమీందారుల కత్తులు, తుపాకులు, పెట్టెలు, పటాలు దుమ్ము దులుపుకుని నిలబడ్డాయి. మా బావమరిదికి వాటి మీద ఆసక్తి లేదు, సాలార్‌జంగ్ చూసినవాడాయె. నేను మాత్రం ఎప్పుడు వెళ్లినా జపాను వాళ్ల బాంబు దగ్గర ఆగుతాను. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలిపోయింది. ఆ రోజుల్లో పేలకుండా మిగిలిన బాంబు ఇది. పేలినవాటికి మ్యూజియంలో చోటు లేదు, చూశారా? తన పని తాను సక్రమంగా చేసినది మట్టిలో కలిసిపోయింది. చేయనిది అద్దాల గదిలో కూర్చుంది. మా ఊరి సూత్రానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అదే రెండో ప్రపంచ యుద్ధం నాటి కాంక్రీటు పిల్‌బాక్సు ఒకటి బీచ్‌లో ఇసుక కింద పూడిపోయి ఉండేది. తీరం కోసుకుపోయి అదే బయటపడింది. తవ్వకాలకి బడ్జెట్ లేని చోట సముద్రమే పురావస్తు శాఖ పని చూస్తుంది.

ఇంక బీచ్ రోడ్డు దాటి ఒక్క అడుగు వేద్దామంటే ఆటోవాలా ఒప్పుకోడు. "ఏటి బాబూ, సుట్టాల్ని ఒన్‌టౌన్‌కి తీసుకెల్తారేటి? కైలాసగిరికి ఎల్లండి, రోప్‌వే ఉంది" అని హితబోధ చేస్తాడు. అసలు ఊరు పుట్టింది వన్‌టౌన్‌లోనే. కురుపాం మార్కెట్, విక్టోరియా రాణి విగ్రహం, పాత పోస్టాఫీసు, ఎప్పుడో వచ్చి ఇక్కడి ఎండకీ జ్వరాలకీ రాలిపోయిన తెల్లదొరల సమాధులు. మూడు గుట్టలు పక్కపక్కనే, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. ఇన్నేళ్లుగా ముగ్గురూ ఒకే రేవుని చూస్తూ కాపురం ఉన్నారు. గొడవపడ్డారని ఎవరూ చెప్పుకోలేదు. ఇవన్నీ చూడాలంటే ఉదయం తెల్లచొక్కా వేసుకోకూడదు. బొగ్గూ ఖనిజమూ దించే రేవు పక్కనే కదా, గాలి మళ్లిందంటే చరిత్ర మన చొక్కా మీద కూడా కొంత వాలుతుంది. ఇక్కడ టికెట్టు లేదు. పార్కింగు లేదు. మనుషులు ఇంకా కాపురాలు చేస్తున్నారు, చేపలు కొంటున్నారు, కిళ్లీ కడుతున్నారు. అదే వచ్చిన లోపం.

కొండల సంగతి మరీ అన్యాయం. తొట్లకొండ మీద సుమారు రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఆరామం కట్టుకున్నారు. రోమ్ వెండి నాణేలు కూడా దొరికాయక్కడ. అంటే కొండ కింద సముద్రంలో అప్పటికే అంతర్జాతీయ వ్యాపారం నడుస్తోందన్నమాట, పెట్టుబడిదారుల సదస్సు పెట్టకుండానే! అంత పెద్ద ఆరామం మన నడినెత్తిన ఉందని మనకి తెలియలేదు. 1976లో నౌకాదళం వారు తమ అవసరానికి ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే బయటపడింది. తవ్వారు, స్తూపాన్ని మళ్లీ కట్టారు. ఇరవై శతాబ్దాలు నిలబడిన ఇటుక మీద మన కాలపు పనితనం చేరింది. 2019 అక్టోబరు వానలకి ఆ కట్టడంలో కొంత భాగం కూలింది. ఏ శతాబ్దపు భాగమో మీరే ఊహించుకోండి. ఇప్పుడు అక్కడికి ఎక్కువగా వచ్చేది పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు. సంసారం వద్దనుకున్నవాళ్ల చోటికి సంసారం మొదలుపెట్టేవాళ్లు!

అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. కొండనే స్తూపాలుగా చెక్కిన చోటు. బ్రిటిష్ హయాంలో అలెగ్జాండర్ రీ తవ్వించాడు. ఏటా కనుమ నాడు అక్కడ తీర్థం జరుగుతుంది. ఆ రోజు జనం కొండెక్కి, బొజ్జలా ఉన్న ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్లు రువ్వేవారు. తాతలు రువ్వారు, తండ్రులు రువ్వారు, మనం రువ్వకపోతే పంటకి మంచిది కాదని పిల్లల చేత కూడా రువ్వించేవారు. వారసత్వ సంపద మీద ప్రేమ ఉన్నవాళ్లూ అధికారులూ పూనుకుని, అడ్డం నిలబడి, ఆ ఆచారాన్ని ఆపించారు. మంచిదే. కానీ నాకో చెడ్డ ఆలోచన వస్తుంది. రాయి విసిరేవాడు దూరం నుంచి నడిచొచ్చేవాడు, మెట్లెక్కేవాడు, ఆ ఆకారాన్ని సూటిగా చూసేవాడు, దానికో కథ ఉందని నమ్మేవాడు. సెల్ఫీ తీసుకునేవాడు దానికి వీపు పెడతాడు.

బొజ్జన్నకొండకి రమ్మంటే మా బావమరిది "ఏముందక్కడ?" అన్నాడు. చెప్పాను. "కొండేనా?" అన్నాడు. ఇక నేనేమీ మాట్లాడలేదు.

సరే, కొండ మానేసి తిరుగుతుంటే ఉక్కు కర్మాగారం గేటున్న కూర్మన్నపాలెం కూడలి వచ్చింది. ఎడాపెడా జెండాలు, బ్యానర్లు చూసి ఇదేమిటని పిల్లవాడు అడిగాడు. చెప్పడం మొదలుపెడితే మ్యూజియం కట్టేంత ఉంది. 1966లో ఈ ఉక్కు కర్మాగారం కోసం ఆంధ్ర దేశమంతా రోడ్డెక్కింది. పోలీసు కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు. 1970లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971లో శంకుస్థాపన చేశారు. అరవై పైచిలుకు గ్రామాల వాళ్లు భూములిచ్చి, ఆర్ కార్డు అనే కాగితం ముక్క పుచ్చుకున్నారు. ఆ కార్డుకి ఉద్యోగం వస్తుందని ఎదురుచూసినవాళ్లలో కొందరు తాతలయ్యారు. 1992లో పీవీ నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. 2021 జనవరిలో నూటికి నూరు పాళ్లూ అమ్మేయడానికి కేంద్రం నిర్ణయించింది. కార్మికులు ఈ కూడలిలోనే టెంటు వేసుకుని రిలే దీక్షలకి కూర్చున్నారు. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అది ఉంచుకునే గేదెకి వేసిన దాణాయో, సంతకి తోలబోయే గేదె కొమ్ములకి పూసిన రంగో తెలియక జనం నోరెళ్లబెట్టారు.

మా సూత్రం ప్రకారం చూస్తే ఈ కర్మాగారానికి భవిష్యత్తు బ్రహ్మాండంగా ఉంది. దేశంలో సముద్రతీరాన కట్టిన మొట్టమొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం ఇదే. బీచ్ రోడ్డు కాకపోయినా బీచ్ ఉంది. అంటే రెండో అర్హత దగ్గరదగ్గరగా వచ్చేసినట్టే. మొదటి అర్హత కోసం పెద్దవాళ్లు పాటుపడుతూనే ఉన్నారు. స్థలానికి కొదవ లేదు, ఎన్ని కార్లయినా పెట్టుకోవచ్చు.

"లోపల చూడ్డానికి ఏముంటాయి బావా?" అన్నాడు మా బావమరిది, కర్మాగారం తోరణం వైపు తల వంచి చూస్తూ.

"బ్లాస్ట్ ఫర్నేసులు మూడు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. రాత్రిపూట కరిగిన ఇనుము ఎర్రగా కాలవ కట్టి పారుతుంది."

"అబ్బ! అది కదా పిల్లలకి చూపించాల్సింది. టికెట్టు ఎంత?"

"టికెట్టు లేదు. అవి ఇంకా పనిచేస్తున్నాయి. గేటు పాసు కావాలి."

"పోన్లే బావా, తొందరేముంది" అన్నాడు, "వచ్చేసారికి టికెట్టు పెడతారేమో, అప్పుడు చూద్దాం."