ఫైలు ఎవరు చెబితే కదులుతుంది?

సాయంత్రమైతే మా భద్రాచలం కరకట్ట మీద కాలు పెట్టే సందు ఉండదు. జంటలు, వాళ్ల ముందు కెమెరావాడు, నెత్తిమీద జుయ్యిమంటూ డ్రోను. పెళ్లి కాకముందే ఫొటోలట! గోదాట్లో మునకేసే ముసలాళ్లం తువ్వాలు సర్దుకుంటూ గట్టెక్కాల్సి వస్తోంది.

మా రోజుల్లో ఈ సంబరాలెక్కడివి? 1965లో వంతెన వచ్చేదాకా సారపాక వైపు పోవాలంటే పడవే గతి. పిల్ల ఖాయమయ్యాక మా నేస్తం ఒకడు ఏదో పని కల్పించుకుని రేవు దాటేవాడు. కాబోయే మామ పొలంలో నాట్లు దగ్గరుండి వేయించేవాడు. తలుపు చాటునుంచి ఒక చెంబు నీళ్లు అందితే అదే వాడి కూలి. అంత కష్టం మళ్లీ ఎవరికోసమూ పడలేదు, పెళ్లయ్యాక ఆమె కోసం కూడా. ఆ పిల్లకు వీడు ఇష్టమేనా అని ఎవరైనా అడిగారా? లేదు. మా ఆవిడ ఆ మాటెత్తితే నేను పేపరు అడ్డం పెట్టుకుంటాను.

మనసుపడ్డ మనిషి మాట ఎంత పని చేయిస్తుందో ఈ ఊరికి కొత్త కాదు. 35 కిలోమీటర్ల అవతల పర్ణశాల. సీతమ్మ ముచ్చటపడిందని రాముడు మాయలేడి వెంట పరుగెత్తింది అక్కడేనంటారు. ఆమె కోసమే తర్వాత సముద్రానికి వారధీ కట్టాడు. కంచర్ల గోపన్న ఈ కిటుకు పట్టేశాడు. సర్కారు సొమ్ముతో ఇక్కడ రాముడికి గుడి కట్టి గోల్కొండ ఖైదులో పడ్డాక, రాముడు ఎంతకీ పలక్కపోతే, ఏకాంతంలో నా సంగతి కాస్త ఎత్తమ్మా అని సీతమ్మను పట్టుకున్నాడు. తహసీల్దారు కదా, ఫైలు ఎవరు చెబితే కదులుతుందో ఎరిగినవాడు. గర్భగుడిలో అమ్మవారు కూర్చున్నది స్వామివారి తొడ మీదే మరి!

మా పక్కింటి కుర్రాడు నిన్నమొన్నటిదాకా ఫోనులోనే తెల్లవార్చేవాడు. “ముందు ఉద్యోగం, తర్వాతే మా నాన్నతో మాట్లాడటం” అని ఒక అమ్మాయి తేల్చి చెప్పిందట. ఇప్పుడు నాలుగింటికే వాడి గదిలో లైటు, చేతిలో గ్రూప్స్ పుస్తకం. తండ్రి తిట్లు ఇన్నేళ్లూ చేయలేని పని! సంతోషమే గానీ నాకు గుబులుగానూ ఉంది. “ఆ పిల్ల రేపు కాదంటేనో?” అన్నాను.

“ఇంకా కసిగా చదువుతా తాతా.”

ఏమో. 1953లో దేవదాసు సినిమా వచ్చాక మావాళ్లయితే ఉన్న పని మానేసి గడ్డాలు పెంచారు.

మొన్న నవమికి వాళ్లమ్మ కల్యాణ తలంబ్రాలు తెచ్చి, తొందరగా పెళ్లవుతుందని వాడి నెత్తిన పోసింది. వాడు తలంబ్రాల్లోని గులాలు దులుపుకుంటూ, “ముందు నోటిఫికేషన్ పడాలని మొక్కవే అమ్మా” అన్నాడు.