ట్వీటుతో ప్రాణం పోసిన వీరులారా!

2018 మే 10, గురువారం. ‘బ్రూక్లిన్ నైన్-నైన్’ అనే కామెడీ సీరియల్‌ను ఇక వేసేది లేదని అమెరికాలో ఫాక్స్ చానెల్ తేల్చేసింది. అయిదు సీజన్లు, 112 ఎపిసోడ్లు నడిచిన సీరియల్ అది. ట్విటర్ నిండా శోకాలే. ‘స్టార్ వార్స్’ నటుడు మార్క్ హామిల్, దర్శకుడు గియెర్మో డెల్ టోరో, ‘హామిల్టన్’ రాసిన లిన్-మాన్యుయెల్ మిరాండా అంతటివాళ్లు కూడా గొంతు కలిపారు. మర్నాడు రాత్రికల్లా ఎన్‌బీసీ చానెల్ ముందుకొచ్చి, ఆరో సీజన్ మేం వేస్తామంది. ఇక చూడాలి సంబరం! అభిమానం గెలిచిందట, కార్పొరేట్ల మెడలు వంగాయట. సత్యవంతుణ్ణి వెనక్కి తెచ్చుకోవడానికి సావిత్రి పాపం యముడి వెంట అంత దూరం నడిచింది. వీళ్లకు ఒక్క హ్యాష్‌ట్యాగ్ సరిపోయింది.

చిన్న సంగతి ఒకటి మరిచారు. ఆ సీరియల్ తీసింది యూనివర్సల్ టెలివిజన్. అది ఎన్‌బీసీ కుటుంబంలోని కంపెనీయే. తమ సొంత స్టూడియో సరుకును ఫాక్స్‌కు అమ్మి, అమ్మినందుకు ఇన్నాళ్లూ బాధపడుతూనే ఉన్నామని అప్పటి ఎన్‌బీసీ పెద్ద రాబర్ట్ గ్రీన్‌బ్లాట్ స్వయంగా చెప్పుకున్నాడు. అంటే జరిగిందేమిటి? మెట్టినిల్లు పొమ్మంది, పుట్టిల్లు తలుపు తీసింది. వీధి చివర నిలబడి ముక్కు చీదినవాళ్లు ఆ తలుపు తీయించింది మేమేనంటే ఏమనాలి?

ఇందులో లెక్క ఉంది. పరాయి స్టూడియో తీసిన సీరియల్‌ను చానెల్ అద్దెకు తెచ్చుకున్నట్టే. దానికి మిగిలేది ప్రధానంగా ప్రకటనల డబ్బు. ఆ తర్వాత పునఃప్రసారాల మీద, ఓటీటీల మీద, విదేశాల్లో అమ్మకాల మీద వచ్చేదంతా ప్రధానంగా తీసినవాడికే. కాబట్టి రేటింగు కాస్త తగ్గగానే అద్దె సరుకు బరువనిపిస్తుంది. అదే సొంత సరుకైతే ఇంకో పాతిక ఎపిసోడ్లు తీసినా గోదాములో పడి ఉంటాయి, ఏనాటికైనా అమ్ముకోవచ్చు.

నమ్మకం కుదరకపోతే అదే వారం అదే ఫాక్స్ చేసిన రెండో పని చూడండి. ‘బ్రూక్లిన్’కు చోటు లేదన్న ఆ చేతులే ‘లాస్ట్ మ్యాన్ స్టాండింగ్’కు చాప పరిచాయి. ఆరు సీజన్ల తర్వాత 2017లో ఏబీసీ చానెల్ ఆపేసిన టిమ్ అలెన్ కామెడీ అది. తీసిందెవరనుకున్నారు? ట్వెంటీయత్ సెంచరీ ఫాక్స్ టెలివిజన్. అందులో హీరో సంప్రదాయవాది. అందుకే ఏబీసీ ఆపిందని ఆ పక్షంవాళ్లు ఏడాదిగా మండిపడుతూ, సంతకాలు సేకరిస్తూ ఉన్నారు. ఇటు ‘బ్రూక్లిన్’లో పోలీస్ కెప్టెన్ నల్లజాతివాడు, స్వలింగ సంపర్కుడు. దాన్ని నెత్తిన పెట్టుకున్నది ఉదారవాదులు. మరే విషయంలోనూ కలవని ఈ రెండు వర్గాలూ ఆ వారాంతంలో విడివిడిగా విజయోత్సవం జరుపుకున్నాయి. ఇద్దరిదీ ఒకటే గర్వం: మా గొంతు విన్నారు! విన్నారు పాపం, ఆస్తి పత్రాల్లో ఎవరి పేరుందో చూసుకున్నాక.

అసలు హాస్యం ఇంకా ఉంది. 2019 మార్చిలో, ‘లాస్ట్ మ్యాన్ స్టాండింగ్’ తీసిన ఆ స్టూడియోను డిస్నీ కొనేసింది. ఫాక్స్ చానెల్ మాత్రం మర్డోక్ కుటుంబం దగ్గరే ఉండిపోయింది. ఏబీసీ ఎవరిది? డిస్నీదే. అలా ఏబీసీ వెళ్లగొట్టిన సీరియల్ ఏబీసీ యజమాని ఇంటికే చేరి, ప్రసారం మాత్రం ఫాక్స్‌లో అవుతూ, 2021 దాకా నడిచింది. సీరియల్లో ఇంత మంచి కథ ఏ ఎపిసోడ్‌లోనూ లేదు. చానెల్ మారేసరికి హీరో రెండో కూతురి ముఖం కూడా మారిపోయిందని అక్కడివాళ్లు గగ్గోలు పెట్టారు. ‘అమృతం’ సీరియల్లో హీరో అమృతరావునే ముగ్గురి ముఖాలతో చూసి నవ్విన తెలుగువాళ్లకు ఇదో వింతా?

సొంత చానెల్ ఉన్న పుట్టిల్లు లేకపోతే ఏమవుతుందో కూడా చూద్దాం. ‘కమ్యూనిటీ’ని ప్రధానంగా తీసిన సోనీకి అమెరికాలో అలాంటి పెద్ద చానెల్ లేదు. ఎన్‌బీసీ వదిలేశాక 2015లో ఆరో సీజన్ యాహూ వేసింది. ఆ ఏడాదే యాహూ ‘కమ్యూనిటీ’తో కలిపి మూడు సీరియళ్ల మీద 4.2 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసింది. కొన్నాళ్లకు వాటిని వేసిన తన వీడియో దుకాణాన్నే మూసేసింది. ‘వన్ డే ఎట్ ఎ టైమ్’ కూడా సోనీదే. 2019లో నెట్‌ఫ్లిక్స్ ఆపితే అభిమానులు మొత్తుకున్నారు, పాప్ అనే చానెల్ తీసుకుంది. 2020 నవంబరులో పాప్ కూడా ఆపేసింది. అభిమానులు మళ్లీ మొత్తుకున్నారు. మొదటిసారి ఎంత ప్రేమో రెండోసారీ అంతే ప్రేమ, అవే కన్నీళ్లు. ఒక్కరూ రాలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అభిమాన సీరియల్ ఆగిపోతే నిరభ్యంతరంగా ట్వీట్లు పెట్టండి. పెట్టే ముందు మాత్రం చివరి టైటిళ్లలో రెండు సెకన్లు మెరిసి మాయమయ్యే కంపెనీ ముద్ర ఎవరిదో చూసుకోండి. ఆ కంపెనీకి సొంత చానెల్ ఉందా, కాస్త ఆశ పెట్టుకోండి. లేదా, పాత ఎపిసోడ్లు ఎక్కడ దొరుకుతాయో ఇప్పుడే వెతికి పెట్టుకోండి.