"వాడంతేలే" అను వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: "వాడంతేలే, ముక్కుసూటి మనిషి."

మూలంలో లేనిది రాయనని కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మనమూ ఆయన దారినే పోదాం. వాడు = ఇప్పుడే నలుగురిలో ఒకరిని నోటికొచ్చినట్టు అనేసి, టీ గ్లాసు బల్లమీద పెట్టి వెళ్లిపోయినవాడు; అంతే = ఇక మారడు; లే = నువ్వే సర్దుకో; ముక్కుసూటి = అడ్డం వచ్చినవాడి ముక్కు పగిలినా సరే అని; మనిషి = పాదపూరణం. ఈ మూలం కోసం తాళపత్రాలు వెతకనక్కర్లేదు, నకరికల్లు అడ్డరోడ్డు మొదలు మాచర్ల దాకా ఏ టీకొట్టులోనైనా వినబడుతుంది. చాలామంది "ముక్కుసూటి" దగ్గర ఆగిపోతారు గానీ, దోషమంతా "లే" అనే ఏకాక్షరంలో ఉంది. అది తిట్టినవాడి స్వభావం చెబుతున్నట్టే ఉండి, తిట్లు తిన్నవాడి చేతిలో బిల్లు పెడుతుంది.

రోషము ప్రకృతి, రోసము వికృతి అని బళ్లో చదువుకున్నాం. భాషలో వికృతి తప్పు కాదు, మనిషిలో తప్పే. ఆయుర్వేదమూ ఇదే జంటను వాడుకుంది: పిత్తప్రకృతి వాడికి బుద్ధి చురుకు, కోపమూ చురుకే. ఈ కాలపు ఎన్నియాగ్రమ్ మనుషుల్ని తొమ్మిది రకాలుగా విడదీస్తే, డాన్ రీసో ఒక్కో రకానికీ తొమ్మిది మెట్లు కట్టాడు; పై మూడూ ఆరోగ్యం, కింది మూడూ రోగం. మనవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో తేల్చడానికి అంత లెక్క అక్కర్లేదు, నష్టం ఎవరికి పడిందో చూస్తే చాలు. మిర్చి టిక్కీ అడుగున తాలుకాయ ఉందని కొనేవాడితో తానే చెప్పేసేవాడిది ముక్కుసూటితనమే, నష్టం తనది. కోడలి వంటకు చుట్టాల ముందు వంకపెట్టేవాడిదీ అదే ముక్కు, నష్టం ఆమెది. 12వ శతాబ్దపు పల్నాటి మంత్రి బ్రహ్మనాయుణ్ణే తీసుకోండి. అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన పట్టుదల, రాజ్యాన్ని కోడిపందెంలో ఒడ్డిన పట్టుదల రెండూ ఒకే మనిషివి. మొదటిదానికి మాటపడ్డది తాను. రెండోదానికి కారెంపూడి దగ్గర జరిగిన యుద్ధంలో, నాగులేటి ఒడ్డున కూలిపోయింది కొడుకు బాలచంద్రుడు. తండ్రి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని చెప్పుకుంటారు.

పూర్వపక్షం: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు కదా? పోనక్కర్లేదు. ఆ మనిషినే తహసీల్దారు ఆఫీసులో పాసుపుస్తకం కోసం నిలబడ్డప్పుడు చూడండి. కండువా భుజం దిగి చంకలోకి వస్తుంది, గొంతు సగమవుతుంది, ప్రతి మాటకీ ముందొక "అయ్యా" వెనకొక "అయ్యా" చేరతాయి. నిజంగా మార్చుకోలేని బుద్ధే అయితే దాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయట విడవడం కుదిరేది కాదు. మరి అన్నీ కడుపులో పెట్టుకుని నవ్వేవాడే ఉత్తముడా అంటారా, కాడు. మెత్తదనానికీ వికృతి ఉంది, దాని పేరు నంగనాచితనం. దానికి వేరే టీక రాయాలి.

ఇక పాఠాంతరం. కర్త స్త్రీ అయితే మూలమే మారిపోతుంది. బ్రహ్మనాయుడు ఎత్తు వేస్తే మంత్రాంగమనీ, ఆయన ప్రత్యర్థి నాగమ్మ వేస్తే కుతంత్రమనీ చెప్పుకున్న సీమ ఇది. "ఆమంతేలే, ముక్కుసూటి మనిషి" అన్న ప్రతి ఇంతవరకు దొరకలేదు. ఆ చోట అన్ని ప్రతుల్లోనూ "గయ్యాళి" అనే ఉంది.