ఫౌంటెన్ గ్రాస్: వినకూడని సలహాలు

రాయ్‌పూర్ టాటీబంధ్‌లో ఇల్లు కట్టుకున్న మనవాళ్లు గేటు పక్కన ఫౌంటెన్ గ్రాస్ అనే కుచ్చుల గడ్డి పెట్టాలనుకుంటే సలహాలకు కొదవుండదు. వాటిలో కొన్ని చాలా నష్టం చేసేవి.

"గడ్డి ఏదైనా ఒకటే" అంటారు. కాదు. దసరా ముందు ఖారున్ నది ఒడ్డున తెల్లగా పూసే రెల్లు మన నేలదే, గట్టు మట్టిని పట్టి ఉంచేది దాని వేళ్లే. పరాయి గడ్డి అనుకుని దాన్ని పీకించకండి. రెల్లు మనిషిని మించి ఎదుగుతుంది, వెన్ను పాయలు పాయలుగా విచ్చుకుంటుంది. అసలు పరాయిదైన ఫౌంటెన్ గ్రాస్ (సెంక్రస్ సెటేసియస్) నడుమెత్తు గుబురు. ఆకులు సన్నగా ముడుచుకుని, నిమిరితే గరుకుగా తగులుతాయి. వెన్ను పాయలు లేకుండా నక్కతోకలా, గులాబీ ఊదా రంగులో ఉంటుంది. ఒక్క గింజ లాగి చూడండి: చుట్టూ వెంట్రుకలు, వాటిలో ఒకటి మిగతావాటికన్నా పొడవు, వాటి మొదళ్ల దగ్గర మెత్తని నూగు. గింజ గాలికి లేచేది, బట్టలకు అంటుకునేది ఆ వెంట్రుకలు, నూగు వల్లే.

"ఒక్క మొక్కతో ఏమవుతుంది?" అన్నది ఇంకా పొరపాటు. దీనికి మరో మొక్క పుప్పొడి అక్కర్లేదు, ఒంటరిగానే గింజ కడుతుంది. ఆ గింజ మట్టిలో ఆరేడేళ్లు బతికుంటుంది. పైగా మన పక్కనే లారీలు తిరిగే జీఈ రోడ్డు. లారీల గాలికీ, టైర్ల బురదకీ గింజ ఎంత దూరమైనా పోతుంది. ఖారున్‌లో పడితే శివనాథ్ నదిలోకి, అక్కణ్నుంచి మహానదిలోకి చేరుతుంది.

"ఎర్ర ఆకులది పర్లేదు" అనే మాటలో కొంత నిజముంది. ఎర్ర ఆకుల రూబ్రమ్ రకం దాదాపు గింజ కట్టదు. కానీ ఆ పేరు చెప్పి పచ్చ ఆకుల మొక్క ఇస్తే మాత్రం తీసుకోకండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, "ఎండాకాలం తగలబెట్టేస్తే పీడా పోతుంది" అనేది. ఎండిన గుబురు భగ్గున అంటుకుంటుంది, పక్కనున్న చెట్లూ మాడతాయి, ఇది మాత్రం మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. హవాయి దీవుల్లో లావా నేలల మీద జరిగింది ఇదే. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియాల నుంచి వచ్చిన ఈ గడ్డిని యూరోపియన్ యూనియన్ 2017లో నిషేధిత జాబితాలో చేర్చింది.

ఇప్పటికే పెట్టినవాళ్లు గింజ రాలకముందే వెన్నులు కోసి సంచిలో మూట కట్టండి, ఖాళీ ప్లాటులో పారేయకండి. గునపంతో వేళ్లతో సహా తవ్వండి. ప్రతి వానాకాలం ఆ చోటు చూసి, మొలకలు చిన్నగా ఉండగానే లాగేయండి. గేటు పక్కన గుబురే కావాలంటే నిమ్మగడ్డి పెట్టండి, టీలోకీ పనికొస్తుంది.