అబ్బే, ఏముంది... ఊరికే చేసేశా!

శనివారం రాత్రి స్నేహితులు వస్తున్నారు. "నువ్వేం చేయకు, కాసేపు కబుర్లు చెప్పుకుందాం అంతే" అన్నారు. మీరూ సరేనన్నారు. ఆ మాట వాళ్లూ నమ్మలేదు, మీరూ నమ్మలేదు. బిర్యానీ బయట నుంచి తెప్పించినా ఎవరూ ఏమీ అనుకోరు గానీ, చివర్లో వచ్చే తీపి మాత్రం మన చేత్తో బేక్ చేసినదై ఉండాలి. పైగా కష్టపడి చేసినట్టు కనిపించకూడదు. అందుకు పడాల్సిన కష్టం గురించే ఈ సూచనలు.

ముందు, "మూడే దినుసులు, ఓవెన్ అక్కర్లేదు" అనే వీడియోలు చూడండి. ఒకటి చూసి ఆపేవాళ్లు ఎవరూ ఉండరు. అవన్నీ చూసేసరికి మామూలు కేకు ఒకటి ఉబ్బి, చల్లారి ఉండేది. పర్లేదు, వీడియోలు చూసిన టైము వంట లెక్కలోకి రాదు.

అందరికీ ఇష్టమైన షార్ట్‌కట్ బిస్కెట్ కేకు. ఫ్యాక్టరీలో పిండి, చక్కెర, నూనె కలిపి, కరకరలాడేలా కాల్చి పంపిన బిస్కెట్లని మనం మిక్సీలో వేసి, పాలు పోసి, మళ్లీ పిండిలా కలిపి, మళ్లీ కాలుస్తాం. విజయవాడ నుంచి గుంటూరుకి హైదరాబాద్ మీదుగా వెళ్లడమన్నమాట. అందులో ఒక ఈనో ప్యాకెట్ చించి పోయాలి. అజీర్తికి తర్వాత వేసుకోవాల్సింది ముందే వేసేస్తున్నాం కాబట్టి ఇంత దూరదృష్టి ఉన్న తీపి మరొకటి లేదు. ఈనోలో ఉన్నది ముఖ్యంగా వంటసోడా, నిమ్మఉప్పు. తడి తగలగానే రెండూ కలిసి బుసబుసా కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఆ బుడగలు ఉండగానే పిండి వేడిలోకి వెళ్లాలి. మీరు మాత్రం ఆగి, గిన్నెని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురు చూసుకుని ఫొటో తీయండి. ఈలోగా బుడగలు వాటి దారిన అవి పోతాయి. కేకు ఉబ్బదు. "బ్రౌనీ" అని చెప్పండి.

కుక్కరులో చేసేవాళ్లు అడుగున ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూత రబ్బరూ విజిలూ తీసేసి, పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. తీసిన రబ్బరు ఎక్కడ పెట్టారో ఆదివారం పప్పు వండేటప్పుడు ఇల్లంతా వెతుకుతారు. కేకు ఉడికిందో లేదో చూడటానికి టూత్‌పిక్ లేకపోతే చీపురుపుల్ల చాలు. కొత్త చీపురే అయినా ఆ సంగతి చెప్పకండి.

2020 లాక్‌డౌన్‌లో ఓటీజీ కొన్నవాళ్లకు ఒకటే మాట: లోపల దాచిన మూకుళ్లు బయటికి తీశాకే స్విచ్ వేయండి.

మైక్రోవేవ్‌లో మగ్ కేకు నిమిషంన్నరలో అయిపోతుంది, ఒక్కరికి. ఎనిమిది మందికి వరసగా పెడితే, ఎనిమిదోది దిగేసరికి మొదటిది రబ్బరు. కుక్కరు రబ్బరు దొరకనివాళ్లకు పనికిరావచ్చు.

డబల్ కా మీఠాని బ్రెడ్డు, కండెన్స్‌డ్ మిల్కులతో ఓవెన్లో కానిచ్చేయొచ్చు. బ్రెడ్డుని నేతిలో వేయించి పాకంలో నానబెట్టే ఇంట్లో పెరిగిన స్నేహితురాలు తిని ఏమీ అనదు. ఆ మౌనాన్ని పొగడ్తగా తీసుకోండి.

అసలు ఇదంతా ఎందుకంటే, కేకు స్టవ్ మీద ఉంటే మనకి లేచి వెళ్లడానికి ఒక వంక ఉంటుంది. ఎవరి పిల్లాడికి ఎంత ర్యాంకు, ఎవరు ఎక్కడ ఫ్లాటు కొన్నారు, ఎవరి నాన్నగారికి ఎలా ఉంది... మాట మనవైపు తిరిగే సమయానికి "ఒక్క నిమిషం, కేకు చూసొస్తా" అని వంటింట్లోకి జారుకోవచ్చు. ఎలా ఉన్నావని అడిగితే నాకు వెంటనే జవాబు తోచదు. ఎలా చేశావని అడిగితే ఇరవై నిమిషాలు చెబుతాను. వాళ్లదీ అదే ఇబ్బందేమో, రెండోదే అడుగుతారు.

బేకరీ కేకు కొని తెచ్చేవాళ్లు అట్టపెట్టెని పక్క అపార్ట్‌మెంటు చెత్తడబ్బాలో వేయండి.

ఇక ఎవరైనా రెసిపీ అడిగితే వీడియో లింకు మాత్రం పంపకండి. "కొలతలేం లేవే, ఉజ్జాయింపుగా వేశా" అనండి. వచ్చే శనివారం వాళ్లింట్లో అదే కేకు అదే ఎత్తున మీ ముందుకొస్తుంది. "అయ్యో, నువ్వే చేశావా!" అని కళ్లు పెద్దవి చేసి, రెండో ముక్క అడగండి. తినగలిగినా, లేకపోయినా.